తాత దునాలీ లొడలొడలాడుతోందా? లూజు ఎక్కడుందో ముందు పట్టుకోండి

దసరాకి ఆయుధ పూజ రోజు మాత్రమే మా దునాలీ, అంటే రెండు గొట్టాల తుపాకి, పెట్టెలోంచి బయటికి వచ్చేది. పసుపు, కుంకుమ, ఒక పువ్వు, కొబ్బరికాయ కొట్టినప్పుడు ఎగిరిపడిన నీళ్ల చుక్కలు, అన్నీ దాని మీదే. సాయంత్రానికి మళ్లీ పెట్టెలోకి. లైసెన్సు నా పేరు మీదికి మారాక మొదటిసారి దాన్ని నింపాదిగా చేతిలోకి తీసుకుని కొంచెం ఊపి చూశాను. గొట్టాలు బట్టు (భుజానికి ఆనించే వెనక చెక్క) దగ్గర టిక్ టిక్ మన్నాయి. మా బాబాయ్ పక్కనే ఉన్నాడు, "పాతది కదరా, అట్లనే ఉంటది" అన్నాడు. ఆ మాట నమ్మి రెండేళ్లు ఊరుకున్నాను, తర్వాత ఇంకా పెద్ద తప్పు చేశాను, అది కింద చెబుతా.

రెండు గొట్టాల తుపాకిలో ఈ టిక్ టిక్ వయసు వల్ల వచ్చేది కాదు. కనీసం నాలుగైదు వేర్వేరు జబ్బులకు ఇది ఒక్కటే లక్షణం, ఒక్కోదానికి ఒక్కో మందు. ఏ జబ్బో తెలియకుండా మిస్త్రీ చేతిలో పెడితే అతనికి తెలిసిన ఒక్క మందే వేస్తాడు. అందుకే ఇందులో సగం పైగా చూసుకోవడం గురించే రాస్తున్నాను, రిపేరు తర్వాత.

ముందు చట్టం, లేకపోతే మిగతాదంతా దండగ

చాలామంది అనుకునేది ఏమిటంటే, వందేళ్ల తుపాకి కాబట్టి అది "యాంటిక్", దానికి లైసెన్సు అక్కర్లేదు అని. 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు పాత నమూనాకో, పురాతన విలువ ఉన్నదానికో, పాడైపోయినదానికో వర్తిస్తుంది గానీ, రిపేరు చేసినా చేయకపోయినా దాన్ని తుపాకిగా వాడే వీలే ఉండకూడదు. మీ తాతగారి పన్నెండు బోరు (బోరు అంటే గొట్టం లావు కొలత) తుపాకిలో ఇప్పటికీ తూటా పెట్టి కాల్చగలిగితే అది చట్టం దృష్టిలో మామూలు తుపాకే. దాని వయసు ఎంతైనా సరే.

రెండోది ఇంకా ముఖ్యం. అదే చట్టంలో 5వ సెక్షన్ ప్రకారం తుపాకి రిపేరు చేయడానికి కూడా వేరే లైసెన్సు ఉండాలి. మీ దగ్గరున్నది ఉంచుకునే లైసెన్సు, రిపేరు చేసే లైసెన్సు కాదు. 2019 సవరణ తర్వాత ఈ తప్పుకి ఏడేళ్లకు తగ్గని జైలు శిక్ష ఉంది. కాబట్టి పక్క వీధిలో లేత్ మిషన్ ఉన్న దోస్తు ఎంత మంచి పనివాడైనా వద్దు. యూట్యూబ్ చూసి మీరే ఆకురాయి పట్టడమూ వద్దు. మీరు చేయగలిగింది శుభ్రం చేయడం, చూడటం, కొలవడం, సరైన వాడికి సరైన మాటల్లో చెప్పడం. నిజానికి అదే పెద్ద పని.

హైదరాబాద్ కమిషనరేట్ పరిధిలో లైసెన్సు వ్యవహారాలు పోలీస్ కమిషనర్ కార్యాలయం నుంచే నడుస్తాయి. దుకాణానికి తీసుకెళ్లే ముందు రెన్యువల్ తేదీ చూసుకోండి, అది దాటిపోయి ఉంటే ముందు ఆ సంగతి తేల్చుకోండి. తుపాకిని విడదీసి, కేసులో పెట్టి, లైసెన్సు వెంట ఉంచుకుని, తూటాలు లేకుండా తీసుకెళ్లాలి. దుకాణంలో ఇచ్చాక రసీదు తీసుకోండి, దాని మీద తుపాకి నంబరు రాయించండి. ఎన్నికల ముందు లైసెన్సు ఆయుధాలు అప్పజెప్పమని పోలీసులు అడుగుతారు, ఆ సమయంలో మీ తుపాకి రిపేరులో ఉంటే చూపించడానికి ఆ కాగితమే దిక్కు.

తలుపు, బందు, గడియ

దునాలీ యాక్షన్, అంటే గొట్టాలని మూసి పట్టుకుని తూటా పేల్చే ఇనుప భాగం, ఏదో బ్రహ్మవిద్య అనుకోకండి. మీ ఇంటి తలుపు చూడండి. తలుపుకి బందు ఉంటుంది, గడియ ఉంటుంది, మూసినప్పుడు తలుపు ఆనే చౌకట్టు ఉంటుంది. ఇక్కడా అంతే.

గొట్టాల కింద వెనక భాగంలో ఇనుప గడ్డలు రెండు ఉంటాయి, వాటిని లంప్ అంటారు. ముందు గడ్డకి అర్ధచంద్రాకారంలో కోసిన కొక్కెం ఉంటుంది. అది యాక్షన్ ముందు భాగంలో అడ్డంగా ఉన్న లావు పిన్నుకి తగులుకుంటుంది. అదే బందు. గడ్డల వెనక గాళ్లు ఉంటాయి, పైనున్న లివర్ వదలగానే ఒక చదునైన బోల్టు ముందుకు జరిగి ఆ గాళ్లలోకి దూరుతుంది. అదే గడియ. పర్డే కంపెనీ 1863లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది, ఆ తర్వాత వచ్చిన దునాలీల్లో ఎక్కువ భాగం దీన్నే ఏదో ఒక రూపంలో వాడాయి. గొట్టాల వెనక అంచు ఆనే నిలువు గోడ ఉంది చూశారూ, ఫైరింగ్ పిన్నుల (తూటా వెనక పొడిచి పేల్చేవి) రంధ్రాలు కనబడేది, దాన్ని ఫేస్ అంటారు. చౌకట్టు అన్నమాట.

మన ఇళ్లల్లో కనబడే పాత వాటిల్లో ఎక్కువగా బాక్స్‌లాక్ రకమే ఉంటుంది, అంటే వెస్ట్‌లీ రిచర్డ్స్ కంపెనీలో పనిచేసిన ఆన్సన్, డీలీ ఇద్దరూ 1875లో కనిపెట్టిన యాక్షన్. బయట గుర్రాలు (ఫైరింగ్ పిన్నుని కొట్టే సుత్తులు) కనబడవు, అన్నీ లోపలే. బెల్జియంలో చేసినవీ తక్కువేం కాదు, గుడ్డు ఆకారం గీత లోపల ఈఎల్‌జీ అనే అక్షరాలుంటే అది అక్కడి లియేజ్ నగరంలో తుపాకిని పరీక్షించి వేసిన ముద్ర.

తూటా పేలినప్పుడు గ్యాసు ఫేస్‌ని వెనక్కి, గొట్టాలని ముందుకి నెడుతుంది. గొట్టాలు ముందుకి పోకుండా ఆపేది ఆ కొక్కెం, పిన్ను మాత్రమే. గడియ పని గొట్టాలు పైకి లేవకుండా పట్టుకోవడం. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, కింద మొత్తం దీని మీదే నడుస్తుంది. కొక్కెం అరిగితే గొట్టాలకీ ఫేస్‌కీ మధ్య సందు పడుతుంది. ఇంగ్లీషు వేటగాళ్లు దీన్నే ఆఫ్ ఫేస్ అనేవాళ్లు. ఆ సందు ఉన్నప్పుడు కాల్చిన ప్రతిసారీ గొట్టాలు ఆ సందు మేర వెనక్కీ ముందుకీ కొట్టుకుంటాయి, అంటే మీ తుపాకిలోనే ఒక చిన్న సుత్తి తయారైనట్టు. సందు సందుని పెంచుతుంది. పైగా తూటా వెనక ఇత్తడి భాగానికి సరిగా ఆనిక ఉండదు, అది ఉబ్బినా చీలినా వేడి గ్యాసు వచ్చేది కాల్చేవాడి మొహం వైపే.

మొదట కడగండి

తుపాకి తెరిచి రెండు గొట్టాల్లోకీ వెలుతురు పెట్టి చూడండి, ఖాళీ అని కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా నిర్ధారించుకోండి. తూటాలు వేరే గదిలో ఉండాలి. తర్వాత గొట్టాల కింద చేత్తో పట్టుకునే ముందు చెక్కని ఊడదీసి, లివర్ తిప్పి, గొట్టాలని కిందికి వంచి కొక్కెం నుంచి ఎత్తి తీయండి. ఇలా విడదీసి ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కకండి. బాక్స్‌లాక్‌లో గొట్టాలు వంచినప్పుడే లోపలి గుర్రాలు ఎక్కుతాయి కాబట్టి, విడిగా ఉన్నప్పుడు వాటిని దించేస్తే మళ్లీ బిగించడం పెద్ద తలనొప్పి.

కొక్కెం లోపల, పిన్ను మీద, గడియ గాళ్లలో, ఎక్స్‌ట్రాక్టర్ (తెరిచినప్పుడు తూటాని వెనక్కి నెట్టే భాగం) కింద చూడండి. మా దాంట్లో అయితే చెక్కపేడు లాగా గట్టిపడిన గోధుమరంగు జిగురు ఉంది, అది ఏళ్ల తరబడి పోసిన కొబ్బరినూనె, కుట్టు మిషను నూనె, దుమ్ము, బహుశా కొంత పసుపు కూడా. కిరోసిన్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్, వెదురు పుల్ల, మెత్తటి బట్ట చాలు. ఇనుప గీకుడు వస్తువులు వద్దు, ఎమెరీ కాగితం అసలే వద్దు. కిరోసిన్ బట్టు చెక్క మీదికి పోకుండా చూసుకోండి.

ఇక్కడో తమాషా. శుభ్రం చేశాక తుపాకి ఇంకా ఎక్కువ లూజు అనిపించవచ్చు. ఆ జిగురే ఇన్నాళ్లూ సందుల్ని నింపి పట్టుకుంది. కొన్నిసార్లు దీనికి తిరుగు కూడా జరుగుతుంది, ఎక్స్‌ట్రాక్టర్ కింద చిన్న ఇసుక రేణువు ఇరుక్కుని గడియ పూర్తిగా దూరక లూజులా కనబడుతుంది, తీసేస్తే రోగం మాయం. ఏదైనా సరే, మురికి మీద చేసిన పరీక్షకి విలువ లేదు.

పరీక్షలు, ఒక్కోటి వరసగా

ముందు చెక్క పెట్టకుండా తుపాకి మూయండి. ఇది చాలామంది మర్చిపోయే సంగతి. ముందు చెక్కలో ఉండే స్ప్రింగు గొట్టాలని వెనక్కి నెట్టి పట్టుకుంటుంది, అది ఉన్నంతసేపూ లూజు బయటపడదు. అమ్మేవాళ్లు చూపించేటప్పుడు దాన్ని ఎప్పుడూ తీయరు, ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కానీ అది లేకపోతే తెరిచినప్పుడు గొట్టాలు ఊడి పడగలవు, కాబట్టి మంచం మీదో మెత్తటి దుప్పటి మీదో చేయండి.

ఒక చేత్తో గొట్టాలని యాక్షన్‌కి దగ్గరగా, రెండో చేత్తో బట్టు సన్నటి భాగం దగ్గర పట్టుకుని పక్కలకి ఊపండి. తర్వాత పైకీ కిందికీ. కళ్లు మూసుకుని చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది, వేళ్లకి టిక్‌మనేది చెవి కంటే ముందే అందుతుంది. పక్కలకి కదిలితే గడ్డలు, అవి కూర్చునే గాడి అరిగాయని అర్థం. పైకీ కిందికీ కదిలితే గడియ మీద అనుమానం. ఊపినప్పుడు బట్టు చెక్కకీ ఇనుముకీ మధ్య కదులుతోందా అనేది కూడా చూడండి, అదైతే యాక్షన్ జబ్బే కాదు, చెక్క ఎండి కుంచించుకుపోయి స్క్రూ వదులైంది, లేదా చెక్క పగిలింది. మన ఏప్రిల్, మే ఎండల్లో ఇది మామూలే.

తర్వాత లివర్. వెనక నుంచి చూస్తే కొత్త తుపాకిలో లివర్ మూసినప్పుడు మధ్య గీతకి కాస్త కుడివైపే ఆగుతుంది. గడియ అరిగే కొద్దీ మధ్యకి వస్తుంది, ఇంకా అరిగితే ఎడమవైపు దాటుతుంది. ఎడమకి దాటిపోయిందంటే గడియ పని అయిపోవచ్చింది. కుడివైపే ఉన్నా మురిసిపోకండి. గడియ బాగుండి కొక్కెం అరిగిన తుపాకులు బోలెడు, మాది అదే.

వెలుతురు పరీక్ష అన్నిటికన్నా తేలిక. కిటికీకి ఎదురుగా పెట్టి గొట్టాలకీ ఫేస్‌కీ మధ్య అడ్డంగా చూడండి. వెలుగు గీత కనబడితే సందు ఉన్నట్టే. ఎంత సందు అనేది తెలియాలంటే ఫీలర్ గేజ్ కొనండి, బండి మెకానిక్కులు ట్యాపెట్ సెట్ చేయడానికి వాడే ఆకుల గుత్తి, రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. అది లేకపోతే సిగరెట్ చుట్టే పల్చటి కాగితం సుమారు 0.025 మిల్లీమీటర్లు, జిరాక్సు కాగితం సుమారు 0.1 మిల్లీమీటర్లు ఉంటాయి. సిగరెట్ కాగితం ముక్క పెట్టి మూసినప్పుడు రెండు గొట్టాల దగ్గరా బిగుసుకుని లాగితే చిరిగిపోవాలి. జారి వచ్చేస్తే మిస్త్రీకి చూపించాల్సిందే. జిరాక్సు కాగితం జారి వస్తోందంటే ఆ తుపాకి ఇక కాల్చకూడదు, ఒక్కసారి కూడా. ఈ హద్దు నేను పెట్టుకున్నది, దీనికన్నా కఠినంగా ఉండేవాళ్లున్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు.

నాకు బాగా నచ్చింది మసి పరీక్ష. మా నాయనమ్మ కాటుక పట్టినట్టే. ప్రమిదలో ఆముదం పోసి వత్తి వెలిగించి, దాని పైన ఒక స్టీలు చెంచా బోర్లించి పట్టుకుంటే రెండు నిమిషాల్లో నల్లటి మెత్తటి మసి అంటుకుంటుంది. ఆ మసిని వేలితో తీసి గొట్టాల వెనక అంచుకి సన్నటి పొరగా, ఊదితే ఎగిరిపోతుందేమో అన్నంత పల్చగా రాయండి. ఫేస్‌ని పొడి బట్టతో తుడిచి, గొట్టాలు ఎక్కించి, మెల్లగా మూసి, మళ్లీ తెరవండి. మసి ఫేస్ మీద ఎక్కడ అంటుకుందో అక్కడే ఇనుము ఇనుముని తాకుతోంది. మా తుపాకిలో ఎడమ గొట్టం కింది భాగంలో చిన్న నెలవంక లాంటి మచ్చ పడింది, కుడి గొట్టం వైపు ఒక్క చుక్క కూడా లేదు. అంటే గొట్టాలు కాస్త పక్కకి తిరిగి కూర్చుంటున్నాయి. ఇన్నేళ్లూ ముందు ట్రిగ్గరే ఎక్కువ నొక్కి ఉంటారు, అది కుడి గొట్టానిది. ఆ ఫేస్ ఫొటో తీసి పెట్టుకోండి, దుకాణంలో మీ పది నిమిషాల వాదనకన్నా ఆ ఒక్క ఫొటో ఎక్కువ పని చేస్తుంది.

చివరిది గంట పరీక్ష. గొట్టాలని విడిగా తీసి, కొక్కెంలో వేలు దూర్చి వేలాడదీసి, పెన్సిలు వెనక భాగంతో తట్టండి. గుడి గంటలా మోగి కాసేపు మూలగాలి. చచ్చు కొబ్బరికాయ తట్టినట్టు టప్‌మంటే రెండు గొట్టాల మధ్య ఉన్న పట్టీ టంకం ఊడింది, లేదా ఎక్కడో చీలిక ఉంది. ఇది తేల్చకుండా యాక్షన్ బిగించడం, కూలే గోడకి సున్నం వేయడం.

అలాగే ఫేస్ అడుగున, నిలువు గోడ చదునైన భాగాన్ని కలిసే మూల దగ్గర భూతద్దం పెట్టి చూడండి. అక్కడ వెంట్రుకలాంటి గీత కనబడి, తుడిచాక కూడా దాంట్లోంచి నూనె మళ్లీ మళ్లీ ఊరుతుంటే అది చీలికే. ఆ చీలిక ఉన్న తుపాకి గోడకి వేలాడదీయడానికే. దాన్ని బాగు చేస్తానని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

మిస్త్రీ ఏం చేస్తాడు, ఏం చేయనివ్వకూడదు

పైన పెద్ద తప్పు అన్నానే, అది ఇదే. మొదటిసారి ఒక దుకాణంలో ఇస్తే రెండు గంటల్లో చేసిచ్చారు. బిగుతుగా ఉంది, నేను మహా సంతోషపడ్డాను. షూటింగ్ రేంజిలో పాతిక తూటాలు కాల్చేసరికి మళ్లీ మొదటికొచ్చింది, ఇంకొంచెం ఎక్కువగా. తర్వాత వేరే చోట పెద్దాయన, అందరూ ఉస్తాద్ అనే మనిషి, కొక్కెంలో టార్చి కొట్టి చూపించాడు. "చూడండి సాబ్, సుత్తితోని కొట్టి అంచు సాగగొట్టిండు. ఇనుము పెరగదు గదా, ఇక్కడిది అక్కడికి జరిగింది అంతే." కొక్కెం అంచు పొడుగునా చిన్న చిన్న గుంటలు, వరసగా. దాని కింద సీతాఫలం తొక్కలా ఎగుడుదిగుడు.

అలా సుత్తి దెబ్బలతో సాగగొట్టడం, రేకు ముక్క పెట్టి టంకం వేయడం, ఈ రెండూ వద్దు. మొదటిది కొక్కెం అంతటా తాకాల్సింది పోయి రెండు మూడు బిందువుల్లో మాత్రమే తాకేలా చేస్తుంది, అవి వెంటనే నలుగుతాయి. రెండోదానిలో రేకు మెత్తన, నాలుగు రోజుల్లో నలిగి ఊడుతుంది.

సరైన దారులు మూడు. పిన్ను విడిగా బిగించిన తుపాకి అయితే పాత పిన్ను తీసి, రంధ్రాన్ని రీమర్‌తో కొంచెం పెద్దది చేసి, కొంచెం లావుపాటి కొత్త గట్టి ఉక్కు పిన్ను వేయడం. పిన్ను లావైతే కొక్కెం వెనక్కి జరుగుతుంది, గొట్టాలు ఫేస్‌కి ఆనుతాయి. తర్వాత కొక్కెం లోపలి వంపుని కొత్త పిన్నుకి సరిపోయేలా మసి రాసి చూసుకుంటూ రవ్వ రవ్వ తీయాలి. పని శుభ్రంగా ఉంటుంది, నాకు తెలిసి ఇదే అన్నిటికన్నా మన్నిక. కానీ ఖరీదైన కొన్ని ఇంగ్లీషు తుపాకుల్లో పిన్ను విడిగా ఉండదు, యాక్షన్ ముద్దలోనే చెక్కి ఉంటుంది. పక్కన కనబడే స్క్రూ తల చూసి పిన్ను అనుకుని తొలిచేసినవాళ్లు ఉన్నారు. అందుకే ముందే అడగండి, మీ దాంట్లో పిన్ను వస్తుందా రాదా అని.

రాకపోతే రెండో దారి, కొక్కెం వంపులో డవ్‌టెయిల్ గాడి (లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండేది) కోసి, అందులో గట్టి ఉక్కు ముక్కని బిగుతుగా దిగ్గొట్టి, పిన్నుకి సరిపడా రుద్దడం. మూడోది కొక్కెం మీద టిగ్ వెల్డింగ్‌తో లోహం పేర్చి మళ్లీ ఆకారానికి తేవడం. వెల్డింగ్ చెడ్డది కాదు, చేసేవాడి చెయ్యి మంచిదైతే. చిక్కు ఎక్కడంటే గొట్టాల మధ్య పట్టీలు మామూలు మెత్తటి టంకంతో అతికి ఉంటాయి, అది 200 డిగ్రీల అటూ ఇటూ కరుగుతుంది. వేడి అక్కడిదాకా పాకితే పట్టీ ఊడుతుంది, కొక్కెం బాగు చేయించబోయి గొట్టాలు పోగొట్టుకుంటారు. తడి బట్టలు చుట్టి, కొంచెం కొంచెంగా, మధ్యలో చల్లారనిచ్చి చేస్తారా అని అడగండి. గ్యాసు మంటతో ఇత్తడి పోస్తాం అంటే వద్దనండి.

మాది రెండో దారిలోనే అయింది, మూడు వారాలు పట్టింది. మూడు వారాల్లో ఎక్కువ భాగం మసి రాయడం, మూయడం, తెరవడం, చూడటం, ఆకురాయితో ఒక్క గీటు, మళ్లీ మసి. నేను వెళ్లిన రోజు గంటసేపు కూర్చుంటే ఆయన ఆకురాయి పట్టింది ఆరేడు సార్లు, అంతే.

ఇక గడియ. వరస తప్పకూడదు: ముందు బందు, తర్వాతే గడియ. గొట్టాలు ఫేస్‌కి ఆనక ముందే గడియ బిగిస్తే, కొక్కెం సరిచేశాక గాళ్ల చోటు మారి గడియ మళ్లీ తప్పుతుంది. రెండూ అరిగి ఉంటే బోల్టుకి లోహం పేర్చడమో, కొత్తది చేయడమో ఉంటుంది. అయ్యాక లివర్ మళ్లీ కాస్త కుడికే ఆగాలి.

ఇచ్చే ముందు ఇంకో మాట గట్టిగా చెప్పండి: పాలిష్ వద్దు, బఫింగ్ వద్దు, నికెల్ వద్దు. మెరిపించి ఇవ్వడమే మర్యాద అనుకునేవాళ్లు చాలామంది. ఆ మెరుపులో నంబరు, ప్రూఫ్ (పరీక్ష) ముద్రలు అరిగిపోతాయి. గుర్తింపు నంబరు చెరిపేయడం ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నేరం, పైగా పాత తుపాకికి ఉన్న విలువంతా ఆ ముద్రల్లోనే.

తిరిగి తీసుకునేటప్పుడు

ఫీలర్ గేజ్, సిగరెట్ కాగితం వెంట తీసుకెళ్లి పరీక్షలన్నీ అక్కడే మళ్లీ చేయండి, మొహమాటపడకండి. మసి మచ్చ ఈసారి రెండు గొట్టాల వైపూ సమానంగా పడాలి. మూసినప్పుడు కొంచెం బిగుతుగా, ఠక్కున కాకుండా, ఇనప్పెట్టె తలుపు మూసినట్టు దబ్బున మూసుకోవాలి. మరీ బలం పెట్టి నొక్కితేగానీ మూయలేకపోతే అది మంచి బిగుతు కాదు, ఎక్కడో ఇరుకు.

మొదటి పరీక్ష కాల్పులు మీ భుజం మీద కాదు. లైసెన్సున్న మిస్త్రీయే తుపాకిని స్టాండులో బిగించి, దూరం నుంచి తాడుతో ట్రిగ్గర్ లాగి చూడాలి. కాల్చిన తూటాల డొల్లల్లో ఇత్తడి ఉబ్బు, ప్రైమర్ (తూటా వెనక మధ్యలో ఉండి నిప్పు పుట్టించే బిళ్ల) వెనక్కి పొడుచుకు రావడం లాంటివి లేవని చూశాకే మీరు.

మళ్లీ లూజు కాకుండా

పాత పన్నెండు బోరు తుపాకుల్లో చాలావాటి ఛాంబరు (గొట్టంలో తూటా కూర్చునే చోటు) 65 మిల్లీమీటర్ల తూటాకి చేసినవి, అంటే రెండున్నర అంగుళాలు. ఇప్పుడు దుకాణంలో దొరికేవి ఎక్కువ 70 మిల్లీమీటర్లవి. మోసం ఎక్కడంటే 70ది కూడా లోపలికి చక్కగా దూరుతుంది, ఎందుకంటే తూటా మీద రాసిన కొలత పేలి మూతి విచ్చుకున్నాక ఉండేది. పేలగానే ఆ మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. మీ కొక్కెం అరగడానికి సగం కారణం ఇదే అయి ఉండొచ్చు. ఛాంబరు కొలిపించండి, గొట్టాల అడుగున నైట్రో ప్రూఫ్ ముద్ర (పొగరాని మందు తూటాలకి పరీక్షించిన గుర్తు) ఉందో లేదో చూపించుకోండి. గొట్టం మీద నీటి అలల్లాంటి, చెక్క గీతల్లాంటి డిజైను కనబడితే అది డమాస్కస్ కావచ్చు, ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చేసినది. నా మట్టుకు నేను అలాంటి దాన్ని ఈనాటి తూటాతో కాల్చను, ఎవరు ఎన్ని చెప్పినా.

సినిమాల్లో హీరో ఒక్క చేత్తో ఝాడించి దునాలీ మూస్తాడు చూడండి, దాన్ని ఎవరూ నేర్చుకోకూడదు. లివర్ మీద బొటనవేలు ఉంచి, మెల్లగా మూసి, లివర్‌ని చేత్తోనే వదలాలి. పిన్ను మీద, కొక్కెంలో, గడియ గాళ్లలో బియ్యపు గింజంత గ్రీజు, అంతకన్నా ఎక్కువ వద్దు. నూనె ఎక్కువ పోస్తే అది కిందికి కారి బట్టు చెక్కలోకి ఇంకుతుంది, చెక్క మెత్తబడి కొత్త లూజు మొదలవుతుంది. అందుకే నిలబెట్టి ఉంచేవాళ్లు మూతి కిందికి పెట్టి ఉంచాలి. ఖాళీ తుపాకి ట్రిగ్గర్ నొక్కాలంటే స్నాప్ క్యాపులు (మందు లేని డమ్మీ తూటాలు) వేసి నొక్కండి. వానాకాలంలో నెలకోసారి తీసి తుడవండి, తోలు కేసులో నెలల తరబడి ఉంచకండి, తోలు చెమ్మ పీలుస్తుంది.

పెళ్లిలోనో ఊరేగింపులోనో గాల్లో రెండు పేల్చమని ఎవరైనా సరదాపడితే, 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ ఉన్నాయని చెప్పండి. మా మేనమామ ఆ మాటకే ఆగాడు.

గొట్టం మీద పాత కుంకుమ బొట్టు ఉన్నచోట రూపాయి బిళ్లంత తుప్పు మచ్చ మాత్రం పోలేదు, ఉస్తాద్ దాన్ని ముట్టుకోనన్నాడు, నేనూ బలవంతం చేయలేదు. ఈ దసరాకి తుపాకిని పీట మీద తెల్ల గుడ్డలో పెట్టి, బొట్టు పెట్టెకి పెట్టాం. అమ్మ కాసేపు గొణిగింది.